అప్‌డేట్: స్టాన్‌ఫర్డ్ జట్లకు చెట్టు ఎలా వచ్చిందో తెలిసింది

మా అమ్మాయి చదువుతున్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆటల పోటీలకు చెట్టు వేషం ఎందుకు వేస్తారని కిందటి నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మీరు చూపిన దారిలోనే వెతికాను.

1930 నుంచి అక్కడి జట్ల గుర్తు 'ఇండియన్'. అంటే మనం కాదు, అమెరికా మూలవాసులు. తమ జాతిని వేషంగా, వెక్కిరింత బొమ్మగా మార్చడం అవమానమని మూలవాసి విద్యార్థులు అర్జీ పెట్టారు. 1972లో ఆ గుర్తు పోయింది. గుప్పెడు మంది పిల్లలు అంత పెద్ద సంస్థను కదిలించారని చదివి నా మనసు నిండిపోయింది.

తరువాత విద్యార్థులు 'దోపిడీ దొరలు' అనే అర్థం వచ్చే పేరుకు ఓటేశారు. రైల్వేలతో కోట్లు గడించిన స్థాపకుడు లీలండ్ స్టాన్‌ఫర్డ్ మీద విసురు అది. యాజమాన్యం ఒప్పుకోలేదు. 1981 నుంచి జట్ల పేరు 'కార్డినల్'. చాలామంది అనుకున్నట్టు పిట్ట కాదు, ముదురు ఎరుపు రంగు.

చెట్టు మాత్రం 1975లో విద్యార్థుల బ్యాండు తెచ్చింది. ఈనాటికీ అది బ్యాండుదే, విశ్వవిద్యాలయం అధికారిక గుర్తు కాదు. కొత్తగా ఎంపికైన విద్యార్థి తన వేషం తానే కుట్టుకోవాలి. అందుకే ఒక ఏడాది కళ్లు మరో ఏడాది ఉండవు.

దానికి మూలమైన ఎల్ పాలో ఆల్టో అనే రెడ్‌వుడ్ చెట్టును మొన్న చూశాం. వెయ్యేళ్లు దాటిన మాను, పక్కనే రైలు వంతెన. రైలు వెళ్తుంటే మా అమ్మాయి దాని బెరడు మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడింది.