టవరున్న చోటా, లేని చోటా? విమానం నడపడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలకొల్లు_పైలట్
కాలిఫోర్నియాలో శాన్ హోసే చుట్టుపక్కల ప్రైవేటు పైలట్ లైసెన్సు మొదలుపెట్టేవాళ్లకి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి ఊళ్లోనే ఉన్న చిన్న విమానాశ్రయం రీడ్-హిల్‌వ్యూ. కంట్రోలర్లు రేడియోలో అనుమతులిచ్చే టవరుంది, రెండు సమాంతర రన్‌వేలున్నాయి, అయిదారు నాటికల్ మైళ్లలో శాన్ హోసే పెద్ద విమానాశ్రయం. రెండోది దక్షిణాన 18 నాటికల్ మైళ్ల దూరంలో ఉన్న శాన్ మార్టిన్. ఒక్కటే రన్‌వే, టవరు లేదు. రన్‌వే పొడవు రెండు చోట్లా సుమారు 3,100 అడుగులే. రెండూ శాంటా క్లారా కౌంటీవే, సీసం కలిపిన 100ఎల్‌ఎల్ ఇంధనం 2022 జనవరి నుంచి రెండు చోట్లా అమ్మట్లేదు. అంటే అసలు తేడా టవరే. మొదటి రోజు నుంచీ టవరు దగ్గరుంటే రేడియో భయం పోతుందని ఒక వర్గం, ముందు విమానం చేతికి అలవాటవ్వాలి, మాటలు తర్వాత నేర్చుకోవచ్చని ఇంకో వర్గం. తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

టెయిల్‌డ్రాగర్
లెక్కలే అడిగారు కాబట్టి అద్దె లెక్కగట్టే హాబ్స్ మీటరుతో మొదలుపెడదాం. ఇంజను స్టార్టయిన దగ్గర్నుంచి అది తిరుగుతూనే ఉంటుంది. టవరున్న రద్దీ చోట గ్రౌండ్ కంట్రోలర్‌ని పిలవాలి, ట్యాక్సీకి, అంటే నేల మీద కదలడానికి, అనుమతి తీసుకోవాలి, ఇంజను పరీక్షించే రన్‌-అప్ దగ్గర వరసలో నిలబడాలి, ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారిలో, వస్తున్నవాళ్లు దిగేదాకా ఆగాలి. చిన్న మైదానంతో పోలిస్తే ఒక్కో పాఠానికి 0.2 గంట ఎక్కువ పడుతుందనుకోండి. విమానం, ఇన్‌స్ట్రక్టరు కలిపి గంటకి 280 డాలర్లు అనుకుంటే పాఠానికి 56 డాలర్లు. 45 పాఠాలకి 2,520. ఇదంతా నేల మీదే పోయిన డబ్బు.

ఇక ల్యాండింగులు. ఖాళీ ప్యాటర్న్‌లో (రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) సెస్నా 172తో ఒక చుట్టు ఆరేడు నిమిషాలు. గంటకి ఎనిమిదో తొమ్మిదో ల్యాండింగులు పడతాయి. టవరు దగ్గర శనివారం పొద్దున "ఎక్స్‌టెండ్ డౌన్‌విండ్, ఐ విల్ కాల్ యువర్ బేస్" అంటారు, అంటే డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వెళ్లే దారిలో) ఇంకా ముందుకెళ్లు, బేస్ (ఫైనల్‌కి ముందున్న అడ్డదారి) ఎప్పుడు తిరగాలో నేను చెబుతానని, ఆ చుట్టు పది నిమిషాలవుతుంది. సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) ముందు విద్యార్థికి కావలసింది ఒకే చిత్రం మళ్లీ మళ్లీ కనపడటం. రన్‌వే మొదలుకి ఎదురుగా రాగానే పవర్ 1500 ఆర్‌పీఎం, పది డిగ్రీల ఫ్లాప్ (రెక్క వెనక పలక), బేస్‌లో ఇరవై, ఫైనల్‌లో 65 నాట్లు (గంటకి 65 నాటికల్ మైళ్లు). ప్రతి చుట్టూ వేరే పొడవుంటే ఆ చిత్రం కుదురుకోదు.

రెండు_రన్‌వేలు
లెక్క బాగానే ఉంది గానీ సగమే వేశారు. శాన్ హోసేలో ఉండేవాళ్లు శాన్ మార్టిన్‌కి కారులో వెళ్లి రావడానికి ప్రతిసారీ గంట పైనే పెట్టుకోవాలి. పనిరోజు సాయంత్రం 101 హైవే మీద అయితే చెప్పనక్కర్లేదు. దూరమైతే పాఠాలు వారానికి మూడు కాస్తా ఒకటి అవుతాయి. ఒకటైతే పాఠంలో మొదటి పావుగంట పోయినవారం నేర్చుకున్నది గుర్తు చేసుకోవడానికే సరి. మీ 0.2 అక్కడే ఆవిరైపోయింది.

ఎక్స్‌టెండ్ చేయమంటే చిత్రం చెడుతుందన్నది నిజమే. కానీ అది చెడేది విద్యార్థి అలవాటు కొద్దీ పవర్ తీసేసి కిందికి దిగిపోతే. అలా చెయ్యకుండా ఎత్తు అలాగే ఉంచి, ఫ్లాప్ పదికి మించకుండా, పవర్ కాస్త పెంచి, బేస్ తిరగమన్నాకే దిగడం మొదలుపెట్టాలి. లేకపోతే ఫైనల్‌లో మూడొందల అడుగుల దగ్గరే బల్లపరుపుగా, ఇంజను బలం మీద ఈడ్చుకుంటూ రావాల్సి వస్తుంది. ఇది ఎలాగూ ఎప్పుడో నేర్చుకోవాల్సిందే. ఇన్‌స్ట్రక్టరు పక్కనున్నప్పుడే నేర్చుకుంటే మంచిది కదా.

ఇంకోటి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ప్రైవేటు లైసెన్సుకి కనీసం 40 గంటలు, అందులో సోలో పది గంటలు ఉండాలి. ఆ సోలోలోనే టవరు పనిచేస్తున్న విమానాశ్రయంలో మూడు టేకాఫ్‌లు, ఆగి మళ్లీ బయల్దేరే మూడు ల్యాండింగులు తప్పనిసరి. శాన్ మార్టిన్ విద్యార్థికి ఇది తర్వాత విడిగా ఎదురయ్యే పరీక్ష. రీడ్-హిల్‌వ్యూ విద్యార్థికి మామూలు మంగళవారం.

టెయిల్‌డ్రాగర్
మూడు ల్యాండింగుల కోసం 45 పాఠాలు టవరు కిందే గడపాలా? రెండు పాఠాలు చాలు. అసలు మాట ఇంకొకటుంది. రీడ్-హిల్‌వ్యూ నుంచి బయల్దేరేవాళ్లు స్టాల్స్ (రెక్కలు లేపే బలం కోల్పోవడం), స్టీప్ టర్న్‌ల (బాగా వాలి తిరిగే మలుపుల) సాధన కోసం ఎటు వెళ్తారు? దక్షిణానికే, ఆండర్సన్, కొయోటి జలాశయాల మీదికి. శాన్ మార్టిన్‌లో లేస్తే అయిదు నిమిషాల్లో అక్కడున్నట్టే. అవతలివాళ్లకి వెళ్లడం పది, రావడం పది నిమిషాలు.

రెండు_రన్‌వేలు
ఆ పది నిమిషాలు వృథా అని ఎవరన్నారు? ట్రిమ్ (చేతి మీద ఒత్తిడి తగ్గించే సర్దుబాటు) సరిచేయడం, ఎత్తు వంద అడుగుల లోపల నిలపడం, అటిస్ (విమానాశ్రయ వాతావరణ రికార్డింగు) విని టవర్‌ని పిలవడం, అన్నీ అక్కడే కదా.

మూడుమైళ్ల_ఫైనల్
ఇద్దరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. ప్రాణం సంగతి కూడా కొంచెం చూద్దాం, ఎందుకంటే "టవరుంటే భద్రం" అన్న నమ్మకం మీదే చాలామంది ఎంచుకుంటారు.

2022 ఆగస్టు 18న మీకు దగ్గర్లోనే ఉన్న వాట్సన్‌విల్‌లో, టవరు లేని చోట, ప్యాటర్న్‌లో ఉన్న సెస్నా 152, నేరుగా ఫైనల్‌కి వచ్చిన రెండింజన్ల సెస్నా 340 గుద్దుకున్నాయి. ముగ్గురు పోయారు. ఇద్దరు పైలట్లూ రేడియోలో చెబుతూనే ఉన్నారు. 340 సుమారు 180 నాట్ల వేగంతో వచ్చింది. 152 ఫైనల్‌లో అరవై చిల్లర నాట్లు. మూడు మైళ్ల దూరంలో ఉన్నానంటే 152 నడిపేవాళ్ల మనసులో మూడు నిమిషాలు. 340కి అది ఒక్క నిమిషం.

అలాగని టవరుంటే? అదే ఏడాది జులై 17న నార్త్ లాస్ వేగస్‌లో, టవరు పనిచేస్తుండగానే, రన్‌వే 30 ఎడమ మీద దిగడానికి అనుమతి తీసుకున్న పైపర్ మాలిబు 30 కుడికి వరసైంది. అక్కడ ప్యాటర్న్‌లో ఉన్న సెస్నా 172తో ఢీకొని నలుగురూ పోయారు. రెండు సమాంతర రన్‌వేలున్న చోట ముందుగా జాగ్రత్తపడాల్సింది ఇలాంటి పొరపాటుకే. రీడ్-హిల్‌వ్యూలోనూ 31 ఎడమ, 31 కుడి ఉన్నాయి. బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగేటప్పుడు ఆలస్యం చేస్తే పక్క రన్‌వే మీది ఫైనల్‌లోకి చొచ్చుకుపోతాం. గాలి వెనక నుంచి తోస్తుంటే మరీ సులువుగా. రన్‌వే పేరు మోకాలి పలక మీద రాసుకోవాలి, తిరిగే ముందు హెడింగు, రన్‌వే అంకె రెండూ చూసుకోవాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. క్లాస్ డీ గగనతలంలో, అంటే ఇలాంటి టవరు చుట్టూ ఉండే ఆకాశంలో, కంట్రోలరు రన్‌వే మీద రెండు విమానాల మధ్య దూరం చూస్తారు, గాలిలో ఉన్న వీఎఫ్ఆర్ (బయటికి కళ్లతో చూసుకుంటూ నడిపే) విమానాలకి వరస చెబుతారు, ఎవరెక్కడున్నారో చెబుతారు. రెండు వీఎఫ్ఆర్ విమానాలని గాలిలో విడదీసి ఉంచే బాధ్యత వాళ్లది కాదు. చూసి తప్పుకోవాల్సింది పైలటే. టవరు దగ్గర నేర్చుకున్నవాళ్లలో "ట్రాఫిక్ ఇన్ సైట్" అని కనపడకుండానే అనేసే అలవాటు ఎక్కువ. కనపడకపోతే కనపడలేదనే చెప్పాలి.

టెయిల్‌డ్రాగర్
అదే నేననేది. టవరు లేని చోట మెడ తిప్పడం తప్పదు. రేడియోయే లేని విమానం కూడా చట్టప్రకారం అక్కడికి రావచ్చు.

పాలకొల్లు_పైలట్
టవరు లేని చోట కొత్తవాళ్లు ఎక్కడ పొరపడతారు?

మూడుమైళ్ల_ఫైనల్
ఎక్కువగా రన్‌వే ఎంపికలో. గాలి లేనప్పుడు ఒకరు రన్‌వే 14 వైపు, ఇంకొకరు దాని అవతలి కొస 32 వైపు దిగడానికి వస్తారు. పది మైళ్ల నుంచే వినాలి, ఎవరు ఏది వాడుతున్నారో తెలుస్తుంది. తెలియకపోతే ప్యాటర్న్ ఎత్తుకి కనీసం 500 అడుగుల పైన దాటుతూ విండ్‌సాక్ చూసి, ఆవలికి వెళ్లి ఎత్తు తగ్గించి, 45 డిగ్రీల కోణంలో డౌన్‌విండ్‌లోకి రావాలి. ప్యాటర్న్ ఎత్తుకి దిగడం డౌన్‌విండ్ పైన కాదు, దానికి బయట. పైనుంచి దిగే విమానం కింద ఉన్నవాళ్లకి కనపడదు, పై రెక్క ఉన్న సెస్నాల్లో అసలే కనపడదు.

రెండోది ఫ్రీక్వెన్సీ. ఒకే ఫ్రీక్వెన్సీని చాలా మైదానాలు పంచుకుంటాయి కాబట్టి ఊరి పేరు మొదట్లోనూ చివర్లోనూ చెప్పాలి. "చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడగొద్దని ఎఫ్‌ఏఏయే అంటోంది. పదిమంది ఒకేసారి మాట్లాడి ఎవరి మాటా వినపడదు. హోలిస్టర్ వైపు వెళ్తే గ్లైడర్లుంటాయి. దారి హక్కు వాటిదే, ఇంజను లేదు కాబట్టి వాటికి రెండో ప్రయత్నం ఉండదు.

ఒక విషయం రెండువైపులవాళ్లూ మర్చిపోతారు. రీడ్-హిల్‌వ్యూ టవరు రాత్రి మూసేస్తారు. ఆ తర్వాత టవరు ఫ్రీక్వెన్సీ మీదే మనంతట మనం చెప్పుకోవాలి. అంటే ఎక్కడ మొదలుపెట్టినా రెండూ రావాల్సిందే.

కడపగాలి
ఇక్కడి చర్చ చదివి ఇండియాలో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేసేవాళ్లు కూడా ఇదే ప్రశ్న వేసుకుంటారు కాబట్టి చెబుతున్నా, అక్కడ లెక్క వేరు. 200 గంటలు కావాలి, అందులో వంద పైలట్-ఇన్-కమాండ్‌గా (విమానం బాధ్యత తనదిగా), రాత్రి అయిదు గంటలు, రాత్రివేళ పది టేకాఫ్‌లు, పది ల్యాండింగులు. టవరుందా లేదా అన్నదానికంటే రన్‌వే లైట్లున్నాయా, వాచ్ అవర్స్ (టవరు పనిచేసే వేళలు) ఎన్ని గంటలదాకా, అన్నవి ముందు అడగాలి. లైట్లు లేని మైదానమైతే ఆ రాత్రి గంటల కోసం విమానాన్నీ ఇన్‌స్ట్రక్టర్నీ వేరే ఊరు పంపాలి. వరస వచ్చేదాకా విద్యార్థి హాస్టల్లో కూర్చోవాలి.

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2022లో ఫ్లయింగ్ స్కూళ్లకి ఇచ్చిన రెండో విడత విమానాశ్రయాల్లో కడప కూడా ఉంది. హుబ్బళ్లి, సేలం, కిషన్‌గఢ్, భావ్‌నగర్ మిగిలినవి. ఇలాంటి చోట టవరుంటుంది గానీ రోజుకి వచ్చే ప్రయాణికుల విమానాలు కొన్నే. అవి వచ్చే అరగంట తప్ప మిగతా సమయం ప్యాటర్న్ దాదాపు మనదే. బేగంపేటలో 2008 నుంచి ప్రయాణికుల విమానాలు లేకపోయినా వీఐపీ రాకపోకలున్నాయి, పక్కనే హకీంపేట, దుండిగల్ వైమానిక దళానివి. ఎంత ఎత్తుకి, ఎటు వెళ్లాలన్నది అక్కడ గట్టిగానే కట్టేస్తారు. క్రాస్‌కంట్రీకి, అంటే వేరే ఊరికి ఎగరడానికి, ఎఫ్ఐసీ, ఏడీసీ అనే అనుమతి నంబర్లు వచ్చాకే కదలాలి. అమెరికాలో అలవాటుపడి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు.

రెండు_రన్‌వేలు
కడపగాలి గారు చెప్పిన తరహా, అంటే టవరుండి రద్దీ లేని చోటు, బే ఏరియాలో దొరికితే ఈ గొడవే ఉండేది కాదు. లేదు కాబట్టి నా ఓటు రీడ్-హిల్‌వ్యూకే. కాకపోతే ఒక షరతు. ఉదయం ఏడున్నర, ఎనిమిదికి పాఠం దొరికితేనే. శని, ఆదివారాలు పదింటికి మాత్రమే ఖాళీ ఉందంటే టెయిల్‌డ్రాగర్ గారి లెక్కే నిజమవుతుంది.

టెయిల్‌డ్రాగర్
శని, ఆదివారాలు శాన్ మార్టిన్ ప్యాటర్న్ కూడా ఖాళీగా ఉండదు, మీ రీడ్-హిల్‌వ్యూ వాళ్లంతా ల్యాండింగులకి అక్కడికే వస్తారు కదా. పాలకొల్లు గారూ, చేరే ముందు రెండు స్కూళ్లలోనూ ఒకటే అడగండి. ఒకే విమానం గత నెల బిల్లుల్లో పాఠానికి హాబ్స్ ఎంత, ట్యాక్ ఎంత అని. ట్యాక్ మీటరు ఇంజను క్రూయిజ్ వేగంలో తిరిగినప్పుడే గంటకి గంట నడుస్తుంది, నేల మీద నిలబడితే నెమ్మదిగా కదులుతుంది. రెండింటి మధ్య తేడా ఎక్కడ ఎక్కువుందో అక్కడ మీ డబ్బు నేల మీద కాలుతోంది. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, అప్పుడు మళ్లీ వాదించుకుందాం.