బాలల హక్కుల ఫెలోషిప్ వచ్చింది, బంగారుపాళ్యం పక్క పల్లెలు. ఊళ్ళోవాళ్ళను ఎట్ల కలుపుకునేది?

తిరుపతి_అమ్మాయి:
అందరికీ నమస్తే. నాది తిరుపతి, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) అయిపోయింది, ఈ మధ్యనే పిల్లల హక్కుల మీద ఒక ఫెలోషిప్‌కి సెలెక్ట్ అయినా. చానా దేశాల్లో ఫెలోలు ఉండారు, నెలకోసారి ఆన్‌లైన్ కాల్‌లో కలుస్తాం, కానీ పని మాత్రం ఎవరి జిల్లాలో వాళ్ళే స్థానికంగా జనాన్ని కూడగట్టి చెయ్యాల. నాకు చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెలు ఇచ్చినారు.

సమస్య ఏందంటే మీటింగ్ అంటే ఎవురూ రారు, వచ్చినోళ్ళు కూడా హక్కులు అనంగానే లోన్ ఏమన్నా ఇస్తారేమో అని చూస్తారు. ఒక పెద్దాయనైతే "పిల్లోళ్ళకు హక్కులని నేర్పిస్తే రేపు మా మాట ఎవురింటారు మ్మా" అని మొహం మీదే అడిగేసినాడు. నేను 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 54 ఆర్టికల్స్ అని చార్ట్ తగిలించి చెప్తా ఉంటే నాకే ఏదో పరాయి ఊరి విషయం చెప్తున్నట్టు అనిపించింది. బడి తెరిచి వారమైనా పెద్ద పిల్లోళ్ళు కొంతమంది ఇళ్ళకాడే ఉండారు, ఒక పాప అయితే గుమ్మంలో కూర్చోని తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో వాడి చీమిడి తుడస్తా, ఇంకో చేత్తో ఎక్కాల పుస్తకం పట్టుకోనుండాది. దీన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అనుభవం ఉండేవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రిటైర్డ్_అయివారు:
అమ్మా, చార్టు చుట్టి పక్కన పెట్టు ముందు. నువ్వు చూసిన ఆ గుమ్మంలోనే ఉండాది నీ పని.

మన జిల్లాలో బడి తెరిచేది జూన్ రెండో వారంలో, సరిగ్గా అప్పుడే తోతాపురి మామిడి కోత ఊపందుకుంటాది. తోటల్లో కోత, ర్యాంపుల్లో (కాయలు కొనే యార్డుల్లో) గ్రేడింగు, పల్ప్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు, ఆడోళ్ళకు ఏడాదిలో కూలి బాగా దొరికే దినాలివే, అమ్మ పొద్దన్నే బండెక్కి పోతాది, చంటోడు ఎవురికాడ ఉండాల? పెద్ద పిల్ల కాడ. అంతే కథ. నేను పనిచేసిన కాలంలో జూన్, జులై హాజరు పట్టీ చూస్తే చాలు, ఏ ఇంట్లో చంటిబిడ్డ ఉండాడో చెప్పేసేవాణ్ణి. హెడ్మాస్టర్లు అడ్మిషన్ల లెక్కలో మునిగిపోయుంటారు, జులై ఆఖరుకి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చేస్తారులే అనుకుంటారు. వస్తారు, నిజమే, కానీ అప్పటికి లెక్కల్లో మొదటి రెండు పాఠాలు అయిపోయుంటాయి, ఎనిమిదో తరగతి ఆడపిల్లకు ఆ గ్యాప్ ఒకసారి పడితే తొమ్మిదికి బడి మానిపించే మాట ఇంట్లో మొదలవుతాది.

నువ్వు చెప్పే ఒడంబడికలోనే 18వ ఆర్టికల్ చూడు, పనికి పోయే తల్లిదండ్రుల పిల్లలకు సంరక్షణ సౌకర్యాలు అందేలా ప్రభుత్వం చూడాల అని ఉంది. చదువు సంగతి 28లో ఉంది. ఆ పాప బడికి పోవాలంటే ముందు వాళ్ళ తమ్ముడికి ఒక చోటు కావాల. ఇంత చిన్న విషయం పట్టుకోని పొదుపు సంఘంలో ఆడోళ్ళతో మాట్లాడు, లోన్ గురించి అడగరు.

చిత్తూరోడు77:
అయివారు చెప్పింది కరెక్టే గానీ నేను కొంచెం చేదు మాట చెప్తా, ఏమనుకోవద్దు. ఇట్లాంటి ఫెలోషిప్‌లు మా ఊర్లకు వచ్చినాయి, పోయినాయి. బ్యానర్, టీ బిస్కెట్, ర్యాలీ, ఫోటో, మళ్ళా ఏడాదికి కొత్త బ్యానర్. జనం రాకపోడానికి సగం కారణం అదే, నువ్వు కాదు.

నా మాట వింటే కొత్తగా కమిటీ పెట్టొద్దు. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడిలో పేరెంట్స్ కమిటీ ఉండాల, అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే, సగం ఆడోళ్ళు ఉండి తీరాల. 2010 నుంచి అమల్లో ఉండే చట్టం ఇది. మన దగ్గర చానా చోట్ల అది సంతకాల కమిటీ అయిపోయింది, తీర్మానం పుస్తకం హెడ్మాస్టర్ బీరువాలో ఉంటాది, మెంబరుకే తాను మెంబరని తెలీదు. దాన్ని నిద్ర లేపు. నువ్వు పోయినంక కూడా ఉండేది అదే. ఇంకోటి, ర్యాంపు ఓనర్లను, ఫ్యాక్టరీ మేస్త్రీలను శత్రువులుగా చూడొద్దు. పిల్లల్ని పని మానిపించి బడిలో చేర్పించే శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ వాళ్ళు 90లలో రంగారెడ్డి జిల్లాలో పని మొదలుపెట్టినప్పుడు పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాములను కూడా కూర్చోబెట్టి మాట్లాడినారు, ఊళ్ళో యువకులనే కార్యకర్తలుగా పెట్టుకున్నారు. బడి బయట ఉండే ప్రతి బిడ్డా బాలకార్మికుడే అనేది వాళ్ళ లెక్క, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకోనుండే పిల్ల కూడా ఆ లెక్కలోకే వస్తాది. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఇందుకే.

తిరుపతి_కోర్టు_రోడ్:
లాయర్‌ని, కాబట్టి రెండు ముక్కలు. ఒడంబడిక గురించి చెప్తా ఉంటే పరాయి ఊరి విషయం లాగా అనిపించింది అన్నావు కదా. ఆ ఒడంబడికలో ఇండియా చేరింది 1992 డిసెంబర్‌లో, కానీ చేరేటప్పుడే బాలకార్మికుల గురించిన 32వ ఆర్టికల్ మీద ఒక మెలిక పెట్టింది, అన్ని పనులకూ ఇప్పటికిప్పుడే కనీస వయసు పెట్టలేం, మెల్లగా చేస్తాం అని. ఆ మెల్లగా అనేది 2016 దాకా సాగింది, ఆ ఏడు బాలకార్మిక చట్టానికి సవరణ వచ్చి 14 ఏళ్ళ లోపు ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు, 14 నుంచి 18 దాకా ప్రమాదకరమైన పనులు కుదరవన్నారు. తర్వాత 2017లో ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వాళ్ళ బాలకార్మికుల మీద ఉండే 138, 182 ఒప్పందాలకు కూడా ఒప్పుకుంది. అయినా సొంత కుటుంబం పనిలో బడి టైం కాకుండా సాయం చెయ్యొచ్చు అని ఒక సందు అలాగే ఉంది, మన తోటల్లో అందరూ దూరేది ఆ సందులోనే. నీ ఆన్‌లైన్ కాల్‌లో ఇది చెప్పు, వేరే దేశాల వాళ్ళకు కూడా ఇట్లాంటి సందులు ఉంటాయి, అక్కడ కలుస్తాయి మాటలు.

రెండోది, ఫోటోలు. రిపోర్ట్ కోసం పిల్లల మొహాలు, పేర్లు, బడి పేరు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేస్తుంటారు. రక్షణ అవసరమైన పిల్లలు, కేసుల్లో ఉండే పిల్లలు ఎవరో తెలిసేలా బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేకపోతే రెండూ. నీ ఫెలోషిప్ వాళ్ళు ఫోటో అడిగితే ఇదే చెప్పు. ఊళ్ళో బాల్య వివాహం మాట చెవిన పడితే చైల్డ్‌లైన్ 1098కి కొట్టు, 2023లో దాన్ని సర్కారు చేతిలోకి తీసుకోని ఎమర్జెన్సీ నెంబర్ 112తో కలిపేసినారు, నెంబర్ మాత్రం అదే. పెళ్ళికి ముందే మేజిస్ట్రేట్ దగ్గర ఇంజంక్షన్ (పెళ్ళి ఆపే ఆర్డరు) తెచ్చుకోవచ్చు, దాన్ని దాటి చేస్తే ఆ పెళ్ళి చెల్లదు.

తిరుపతి_అమ్మాయి:
చానా థాంక్స్ అందరికీ, బ్యానర్ అయితే ప్రింట్‌కి ఇవ్వను ఇంక 😅 అయివారూ, ఒక డౌటు, చంటిపిల్లల్ని అంగన్వాడీలో పెట్టుకోమని అడగొచ్చు కదా?

అంగన్వాడీ_అక్క:
పాపా నేను చెప్తా, ఇది మా సంగతి. మా సెంటర్‌లో కూర్చోబెట్టుకునేది మూడేళ్ళు నిండినోళ్ళను, ఆరేళ్ళ దాకా. మూడేళ్ళ లోపు వాళ్ళకు గుడ్లు, పాలు ఇంటికిస్తాం గానీ బిడ్డను చూసుకోం, ఉండేది నేనూ ఆయమ్మే, వంట చేసేదా, రిజిస్టర్లు రాసేదా, ఫోన్‌లో యాప్‌లో ఎక్కించేదా, పాకే బిడ్డను పట్టుకునేదా? నువ్వు చూసిన ఆ తమ్ముడు కూడా మూడేళ్ళ లోపే ఉంటాడు, చూడు కావాలంటే.

అయితే దారి లేకపోలేదు. పాల్నా అని కేంద్రం స్కీము ఉంది, అంగన్వాడీతోనే కలిపి క్రెష్ (పగలు బిడ్డల్ని చూసుకునే చోటు), ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా, ముఖ్యంగా పని చేసే తల్లుల కోసం. మనూరికి రావాలంటే అడగాల, అడిగేదానికి లెక్క ఉండాల. ఏ ఇంట్లో ఎన్ని నెలల బిడ్డ, తల్లి ఏ ర్యాంపుకు పోతాది, వాణ్ణి చూసుకోను ఆగిపోయిన పిల్ల ఏ క్లాసు, ఇదంతా సంఘం ఆడోళ్ళకు నోటికి వచ్చు, సాయంత్రం ఏడున్నర తర్వాత కూర్చుంటే గంటలో రాసుకోవచ్చు, పగలు పోతే ఎవురూ దొరకరు. ఆ లిస్టు పెట్టి పంచాయతీలో తీర్మానం చేయించి మా సూపర్‌వైజర్‌కు ఒకటి, సీడీపీఓ (అంగన్వాడీలను చూసే అధికారి) ఆఫీసులో ఒకటి ఇయ్యండి, రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు. పేర్లతో ఉండే లిస్టు కాబట్టి ఆఫీసుల్లో తప్ప ఎక్కడా పెట్టొద్దు, లాయరన్న చెప్పింది అదే.

ఆ పెద్దాయన మాట గురించి కూడా. ఆయన్తో వాదన పెట్టుకోవద్దు, ఆయన మనవరాలు ఎవురన్నా ఇంటికాడ ఆగిపోయిందేమో కనుక్కో ముందు. ఉంటే మాత్రం తీర్మానం నాడు ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకో, సర్పంచి దగ్గర గొంతు లేసేది ఆయనదే.