హోస్ట్ ఫ్యామిలీ ఆంటీ నా గది సర్దేస్తున్నారు, ఎలా చెప్పాలి?

అందరికీ నమస్తే. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ మీద వేరే దేశం వచ్చి నాలుగో నెల నడుస్తోంది. మొత్తం పది నెలలు. ఒక హోస్ట్ ఫ్యామిలీతో ఉంటున్నాను. మనుషులు మంచివాళ్ళే, అది ముందే చెప్తున్నా. వచ్చిన వారానికే నాకు జ్వరమొస్తే ఆంటీ రాత్రి రెండుసార్లు లేచొచ్చి చూశారు.

ఇబ్బందేంటంటే, నేను కాలేజీకెళ్ళాక ఆవిడ నా గది సర్దేస్తున్నారు. మొన్న వచ్చి చూస్తే టేబుల్ నిండా పరిచిపెట్టుకున్న నోట్సంతా ఒకే కట్ట, అంచులు కూడా సమానంగా! ఏ పేజీ ఏ చాప్టర్‌దో తేల్చుకోవడానికి గంట పట్టింది. డైరీ కూడా చోటు మారింది. చదివుండరు, తెలుగు ఆవిడకి రాదు కదా (అదొక్కటే ధైర్యం). అయినా మనసు ఒప్పట్లేదు.

వాళ్ళ భాషలో పని జరుపుకునేంత వచ్చు గానీ, మెత్తగా చెప్పడం ఇంకా రాలేదు. ఏమన్నా ఆర్డరేసినట్టే ఉంటోంది. అందుకని నవ్వేసి థ్యాంక్స్ చెప్పా. అదే కొంప ముంచింది, నిన్న బీరువా కూడా సర్దేశారు.

ఇలాంటివి కోఆర్డినేటర్‌కి చెప్పమని ఓరియెంటేషన్‌లో అన్నారు. కానీ తనతో ఒక్క మాటనకుండా పైకి చెప్పానని ఆంటీ నొచ్చుకుంటారేమో. ఇల్లు మారడం నాకస్సలు ఇష్టం లేదు.

ఇలా ఉండొచ్చినవాళ్ళు చెప్పండి: నేరుగా మాట్లాడారా, చీటీ రాసిపెట్టారా? మొదటి మాట ఏమన్నారు?