ఇన్‌బోర్డ్ ఇంజిన్ పెడితే మా ఫైబర్ బోటుకూ పాసు కావాలా?

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. నాన్న, బాబాయి కలిసి ఔట్‌బోర్డ్ ఇంజిన్ (బోటు వెనక బయట తగిలించేది) ఉన్న ఫైబర్ బోటు మీద వంజరం వేటకు వెళ్తారు. 2025 నవంబరులో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 12 నాటికల్ మైళ్లు దాటి ఈఈజెడ్‌లో (మన దేశానికి వేట హక్కున్న ప్రత్యేక ఆర్థిక మండలి సముద్రంలో) వేటాడే మరపడవలకు రియల్‌క్రాఫ్ట్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో పాసు తీసుకోవాలి, సంప్రదాయ చిన్న పడవలకు అక్కర్లేదు. అంతవరకు అర్థమైంది. ఇప్పుడు బాబాయి ఇన్‌బోర్డ్ ఇంజిన్ (బోటు లోపలే బిగించేది) పెట్టిద్దామంటున్నాడు. అప్పుడు మా బోటు మరపడవ కిందికి వస్తుందా? రిజిస్ట్రేషన్ కూడా మార్చుకోవాలా?

అసలు టెన్షన్ ఇంకోటి. అవే రూల్స్ కింద చేప రకాన్ని బట్టి కనీస సైజు పెడతారట, అంతకంటే చిన్నవి పట్టకూడదని. ఎల్‌ఈడీ లైట్ల వేట, బుల్ ట్రాలింగ్ (రెండు బోట్లు కలిసి ఒకే పెద్ద వల ఈడ్చడం) ఆపడం మంచిదే, మాలాంటి వాళ్ల చేపంతా అవే ఊడ్చేస్తున్నాయి. కానీ మా వలలో పెద్ద వంజరంతో పాటు జానెడు పిల్లలూ తగులుకుంటాయి. పైకి లాగేసరికే మొప్పలు బిగిసి చచ్చిపోయి ఉంటాయి. వాటిని మళ్లీ సముద్రంలో పారేయాలా? వేలంలో దొరికితే కేసు మా మీదా, కొన్న పాటదారు మీదా?

కేరళలో ఇలాంటి కొలతలు ఇప్పటికే ఉన్నాయి. అక్కడి హార్బర్లలో పనిచేసిన మనవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే ఇంజిన్ పని పెట్టుకోవాలని చూస్తున్నాం.