పార్కుల్లో పక్షి గూళ్ళకు ఫొటోలు తీయవచ్చా?

చర్చకు పెట్టిన ప్రశ్న:
హైదరాబాదులోని కేబీఆర్ జాతీయ ఉద్యానవనం వంటి చోట్ల ఉదయపు నడకకు వచ్చే వందలాది మందిని ఎవరూ అడ్డుకోరు. పక్షుల ఫొటోలు తీసేవారిని మాత్రం గూటి దగ్గరికి వెళ్ళవద్దనీ, ఫోనులో కూతలు వినిపించవద్దనీ తోటి ఫొటోగ్రాఫర్లే వారిస్తున్నారు. పిట్టను ముట్టుకోకుండా ఫొటో తీసుకుంటే దానికి జరిగే హాని ఏమిటి?

మొదటి సమాధానం:
ముట్టుకోకపోతే హాని లేదన్న మాటను నేను ఒప్పుకోలేను. తీతువు పిట్ట సంగతే చూడండి. అది చెట్టు మీద గూడు కట్టదు. బోసి నేల మీద చిన్న గుంటలో, మట్టిరంగు మీద నల్లమచ్చలున్న గుడ్లను, సాధారణంగా నాలుగింటిని పెడుతుంది. మార్చిలో మొదలయ్యే ఈ గుడ్లు పెట్టే కాలంలో మన ఎండాకాలమంతా కలిసిపోతుంది కనుక, మిట్టమధ్యాహ్నం తల్లి గుడ్ల మీద నిలబడేది వాటికి వెచ్చదనం ఇవ్వడానికి కాదు, నీడ ఇవ్వడానికి. నీటి దగ్గరికి వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి మరీ వాటిని చల్లబరుస్తుంది. మనం ఇరవై అడుగుల దూరంలో బోర్లా పడుకొని అరగంట వేచి ఉంటే, ఆ అరగంటా పిట్ట మన తల మీద అరుస్తూ తిరుగుతుంది, గుడ్లు ఎండలో మాడుతుంటాయి. రెక్కలు చాచి మీదికి దూకుతున్న ఆ ఫొటోకు ఎందరో మెచ్చుకోళ్ళు రాస్తారు గానీ, అందులో ఉన్నది బెదిరిపోయిన తల్లి.

గత మే నెలలో మా ఇంటి దగ్గరి పార్కులో ఇదే చూశాను. ఒకరు పెట్టిన ఫొటో చూసి మరుసటి ఆదివారం ఐదుగురు వచ్చారు, ఎండ ముదిరినా కదలలేదు. ఆ గోలకు కాకులు పక్కనున్న వేపచెట్టు మీద చేరాయి. మూడో రోజుకు గుంటలో గుడ్లు లేవు. కాకులు ఎత్తుకుపోవడం నేను కళ్ళారా చూడలేదు, కాబట్టి అలా అనను. కానీ ఆ చోటు వాటికి తెలిసేలా చేసింది మనమేనన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

నడిచేవారితో పోలిక కూడా సరికాదు. బాట మీద ఆగకుండా సాగిపోయే మనిషికి పక్షులు అలవాటు పడతాయి. తమనే చూస్తూ, ఆగి ఆగి దగ్గరికి జరిగే మనిషి వాటికి వేటాడే జంతువులాగే కనిపిస్తాడు. కూతలు వినిపించడం మరో రకం హింస: తన హద్దులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకొని, అసలైన మగపిట్ట మేత మానేసి, లేని శత్రువు కోసం కొమ్మ కొమ్మా వెతుకుతుంది.

చట్టం మాటకొస్తే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లనూ గూళ్ళనూ కదిలించి ఇబ్బంది పెట్టడాన్ని కూడా ‘వేట’ నిర్వచనంలోనే చేర్చింది. అభయారణ్యాల్లో, జాతీయ ఉద్యానవనాల్లో ఆవాసాన్ని మార్చకుండా, ప్రాణులకు చెరుపు కలగకుండా తీసే ఫొటోలకే అనుమతి అన్న మాటను 2022 సవరణ స్పష్టంగా పెట్టింది.

రెండో సమాధానం:
మీ బాధ నిజమే, అయినా ఒక మాట. మా కాలనీ పార్కులో పొదలు నరికి సిమెంటు బాట వేయబోతే, అక్కడ ఎన్ని రకాల పిట్టలున్నాయో ఫొటోలతో చూపించాకే ఆ పని ఆగింది. కెమెరాలను తరిమేస్తే ఆ సాక్ష్యం ఎవరిస్తారు?

మొదటి సమాధానం రాసినవారు:
ఆ పని చేసినందుకు మీకు నమస్కారం. నేను కూడా కెమెరా వదలలేదు. బాట దిగకుండా, కొమ్మ మీదో నీటి ఒడ్డునో ఉన్న పిట్టను ఎన్ని ఫొటోలైనా తీయండి. మీకు కావలసిన సాక్ష్యానికి అవి చాలు. గూడు కనబడితే మాత్రం నేను కెమెరా దించి దారి మారుస్తాను. పిల్లలు గూడు విడిచి వెళ్ళేదాకా ఆ చోటు ఎక్కడో స్నేహితులకు కూడా చెప్పను.