హౌరా వంతెనకు నట్లు, బోల్టులు లేవంటారు. మరి మరమ్మతు ఎలా?

ప్రశ్న: కోల్‌కతా హౌరా వంతెన మొత్తం రివెట్లతోనే (కాల్చి, రెండు పక్కలా తల వచ్చేలా కొట్టి ప్లేట్లను కలిపే ఉక్కు మేకులు) కట్టారని చదివాను. రివెట్టు వదులైతే ఏం చేస్తారు? పాన్, గుట్కా ఉమ్ములకు అంత వంతెన తుప్పు పడుతోందన్న మాటలో నిజమెంత?

జవాబు 1: ఉమ్ముల మాట నిజమేనండి, కాకపోతే దెబ్బ వంతెన అంతటికీ కాదు. నదిలో స్తంభాల్లేకుండా రోడ్డు మొత్తం 39 జతల హ్యాంగర్ల (పైనుంచి దిగే ఉక్కు వేలాడుకమ్మీల) మీద వేలాడుతుంది. అవి ఫుట్‌పాత్ దగ్గర దిగేచోట అడుగున ఉక్కు తొడుగులు ఉంటాయి. జనం ఉమ్మేది సరిగ్గా అక్కడే. 6 మి.మీ. మందం ఉండాల్సిన తొడుగులు 2011 నాటికి 3 మి.మీ. లోపుకి అరిగాయి. తర్వాత వాటికి ఫైబర్‌గ్లాస్ కవచాలు వేశారు. నీళ్లతో కడిగి ఊరుకుంటే సరిపోదు. మూలల్లో తడి బురద నిలిస్తే రంగు కింద నుంచే తుప్పు మొదలవుతుంది.

1874 నాటి పడవల వంతెన స్థానంలో వచ్చిన కట్టడమిది. 1936లో పని మొదలై, 1943 ఫిబ్రవరిలో రాకపోకలకు తెరిచారు. 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు టాటాలదే. యుద్ధకాలంలో అది చిన్న సంగతి కాదు.

జవాబు 2: రివెట్ల సంగతి నేను చెప్తాను. మన రైల్వే వంతెనల గర్డర్లకు (ఉక్కు దూలాలకు) వాడే పద్ధతి ఇది, రివెట్ల వంతెన ఏదైనా సూత్రం ఒకటే. ఎడమచేతి చూపుడువేలు రివెట్టు తలకీ ప్లేటుకీ రెంటికీ తగిలేలా ఒక పక్కన ఆనించి, రెండో పక్క నుంచి 110 గ్రాముల సుత్తితో కొట్టాలి. తల కదిలితే వేలికి తెలిసిపోతుంది. తల చుట్టూ ఎర్రటి తుప్పు చార కనిపించినా అనుమానించాల్సిందే.

వదులైనదాన్ని మళ్లీ కొట్టి బిగించకూడదు. కాల్చిన రివెట్టు చల్లారేటప్పుడు కుంచించుకుని ప్లేట్లను పట్టేస్తుంది. చల్లని రివెట్టును ఎంత కొట్టినా ఆ పట్టు రాదు. తల తీసేసి, కాడను బయటికి కొట్టి, కొత్త రివెట్టు గానీ హై స్ట్రెంగ్త్ ఫ్రిక్షన్ గ్రిప్ బోల్టు (ప్లేట్లను గట్టిగా నొక్కి, రాపిడితో పట్టి ఉంచే బలమైన బోల్టు) గానీ వేస్తారు. ఒక చోట బిగింపు పూర్తయ్యాకే రెండోది తీయాలి. చివర్లో పక్కవాటినీ తట్టి చూడాలి, ఒకటి తీసే అదురుకి ఇంకోటి వదులవుతుంది. చాలామంది వదిలేసేది ఇదే!

ప్రశ్న అడిగినవారు: రాజమండ్రి పాత హేవలాక్ వంతెనకూ ఇదే వర్తిస్తుందా?

జవాబు 2: సుత్తి పరీక్ష వర్తిస్తుందండి. అయితే 1997 నుంచి దాని మీద రైళ్లు లేవు కాబట్టి అదురు వల్ల వదులయ్యే బాధ తక్కువ. అక్కడ ముందు చూడాల్సింది ప్లేట్ల మధ్య సందులు. లోపల తుప్పు ఉబ్బితే ప్లేట్లు విడిపోయి రివెట్టు తలలు తెగుతాయి. తుప్పు పూర్తిగా గీకి, అదే రోజు ప్రైమరు కొట్టాలి. గోదావరి గాలి తేమకి గీకిన ఉక్కును రాత్రంతా వదిలేస్తే చేసిన పనంతా వృథా.