అంధచుక్క ప్రయోగంలో చుక్క మాయం కావట్లేదు, తప్పెక్కడ?

కొత్త_మాస్టారు:
అంధచుక్క (ఒక్కో కంటికి ఏమీ కనపడని చిన్న చోటు) చూపిద్దామని తొమ్మిదో తరగతి పిల్లల కోసం కాగితం మీద ఎడమన ప్లస్ గుర్తు, కుడిన నల్ల చుక్క గీశాను. మధ్య దూరం 8 సెం.మీ. సగం మందికి చుక్క మాయమైంది, మిగతావాళ్లకి కాలేదు. అదే బొమ్మ ఫోన్లో చూపిస్తే ఒక్కరికీ కాలేదు. ఇంకో డౌటు: ఏమీ కనపడని చోట నల్లటి కన్నంలా ఎందుకు ఉండదు?

లెన్సు_పెట్టె:
ముందు ఏ కన్ను మూయించారో చూడండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ప్లస్‌నే చూడాలి. దృక్‌నాడి (కంటి నుంచి మెదడుకి పోయే నరం) బయటికి పోయే చోట వెలుగును పసిగట్టే కణాలుండవు, అదే అంధచుక్క. ఆ చోటు కంటి లోపల ముక్కు వైపు ఉంటుంది. నేత్రపటలం (కంటి వెనక గోడ మీది తెర) మీద బొమ్మ తిరగబడి పడుతుంది కాబట్టి ఆ ఖాళీ మనకి చెవి వైపు, చూపు నిలిపిన చోటికి సుమారు 15 డిగ్రీల అవతల వస్తుంది. కన్ను మారితే ఎంత జరిపినా చుక్క పోదు.

దూరం లెక్క: గుర్తుల మధ్య దూరాన్ని 3.7తో హెచ్చవేయండి, కంటికీ కాగితానికీ మధ్య ఉండాల్సిన దూరం వస్తుంది. 8 సెం.మీ.కి 30 సెం.మీ. స్కేలు పెట్టి కొలవండి. 25 కంటే దగ్గరైనా, 35 దాటినా చుక్క మళ్లీ ప్రత్యక్షం. ఫోన్లో బొమ్మ కుంచించుకుపోయి మధ్య దూరం 4 సెం.మీ. అయితే దాన్ని 15 సెం.మీ. దగ్గరికి తేవాలి. అంత దగ్గర ఎవరు పట్టుకుంటారు?

చుక్క అడ్డం 1 సెం.మీ. మించొద్దు. తల భుజం మీదికి వాల్చనివ్వకండి. 15 డిగ్రీలు వాలితే చుక్క 2 సెం.మీ. పైకో కిందికో జరిగి ఖాళీలోంచి తప్పించుకుంటుంది.

కంటిపాప_77:
రెండో డౌటుకి. నలుపని చెప్పడానికైనా అక్కడ కణాలుండాలి కదండీ. మీ తల వెనకున్నది మీకు నల్లగా కనిపిస్తోందా? అసలు కనిపించదు, అంతే. ఖాళీని మెదడు చుట్టుపక్కల రంగుతో పూడ్చేస్తుంది. పసుపు కాగితం మీద చుక్క పెట్టి చూడండి, ఆ చోటంతా పసుపే.

ఇంకా బాగుండేది: చుక్క మీదుగా నిలువు గీత గీసి, చుక్క ఉన్న చోట 2 సెం.మీ. తెంపండి. చుక్క పోగానే గీత అతుక్కుపోయినట్టుంటుంది. కింది సగం చెరిపేస్తే మాత్రం పై గీత సాగదు. రెండు కొసలూ దొరికితేనే మెదడు అతుకేస్తుంది.

కొత్త_మాస్టారు:
ధన్యవాదాలండీ. దూరం, కన్ను సరిచేశాక కూడా ఇద్దరు ముగ్గురికి పోవట్లేదు.

లెన్సు_పెట్టె:
వాళ్ల చూపు చుక్క మీదికి జారుతోంది. ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టి కంటిపాప కదులుతోందేమో చూడమనండి. నీటికాసులకి (గ్లకోమా) చేసే ఫీల్డ్ టెస్టులో, అంటే దీపం కనపడ్డప్పుడల్లా బటన్ నొక్కమని చూపు ఎంత మేర ఆనుతోందో కొలిచే పరీక్షలో, మెషీన్లూ ఇదే కనిపెడతాయి: కావాలని అంధచుక్కలో దీపం వేస్తాయి, రోగి బటన్ నొక్కితే చూపు జరిగిందని లెక్క.